లేని ఫ్లైఓవర్ కింద

"నేనడిగింది నిన్నటి సంగతి. మీరు చెబుతున్నది ఇంకో పాతికేళ్ళ తర్వాతి సంగతి," అంది డిటెక్టివ్ పళ్ళు బిగించి.

పెద్ద ప్లానర్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు. ఆవిడ ఈ గదిలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆయనకి అదే పని. అద్దాలు మెరిసిపోతున్నాయి గానీ జవాబుల్లో ఒక్కటీ తేటగా లేదు.

"అదే చెబుతున్నానండీ. నిన్నటిది అర్థం కావాలంటే ముందు ప్రణాళిక అర్థం కావాలి. జిల్లా మొత్తానికి పాతికేళ్ళ వరకూ సరిపడే రోడ్లు, వంతెనలు, బస్సులు. జనం ఎంత పెరుగుతారు, ఎక్కడ ఇళ్ళు కట్టుకుంటారు, పొద్దున లేచి ఎటు బయల్దేరతారు, ఇవన్నీ ముందే ఊహించి..."

"మీ ఆఫీసులో పనిచేసే మనిషి నిన్న మధ్యాహ్నం నుంచి కనబడటం లేదు సార్. ఆయనెటు బయల్దేరాడో ఊహించండి, చాలు."

"అది మా పరిధిలోకి రాదండీ. మేం వ్యక్తుల్ని ఊహించం. గుంపుల్ని ఊహిస్తాం."

డిటెక్టివ్ కణతలు నొక్కుకుంది. ఊళ్ళో ఆవిణ్ణి వెనకాల 'చిటపట' అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న ఈ పదేళ్ళలో దొంగల మీద కంటే ఇలాంటి పెద్దమనుషుల మీదే ఆవిడ ఎక్కువ చిటపటలాడింది. దొంగ కనీసం అడిగినదానికి అబద్ధమైనా చెబుతాడు. వీళ్ళు అదీ చెప్పరు.

కనిపించకుండా పోయిన మనిషిని ఈ ఆఫీసులో అందరూ 'జోస్యం' అని పిలుస్తారు. ఏ రోడ్డు మీద ఇంకో ఇరవై ఏళ్ళకి ఎన్ని బళ్ళు తిరుగుతాయో లెక్క గట్టడం ఆయన పని. నోట్లో నాలుక లేని మనిషి అని ఆఫీసంతా ఒకటే మాట. ఆయన భార్య సిటీ బస్సు నడుపుతుంది. తెల్లవారగానే డిపోలో సెలవు చెప్పి, ఖాకీ చొక్కాతోనే డిటెక్టివ్ ఇంటి తలుపు తట్టింది. ఇప్పుడు ఈ గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ డబ్బాలో ఉన్నవి ఇన్సులిన్ ఇంజెక్షన్లు.

"ఆయనకి షుగరు మేడమ్," అని పొద్దున చెప్పింది. "మాత్రలతో పోయేది కాదు, పూటపూటా సూది పడాల్సిందే. నిన్న మధ్యాహ్నం తప్పింది. రాత్రి తప్పింది. ఇవాళ పొద్దున్నా తప్పింది. మా నాన్న ఇలాగే పోయాడు. నాకు డాక్టర్లు చెప్పక్కర్లేదు. ఇవాళ్టితో దొరక్కపోతే ఇంక దొరకడు."

అందుకే డిటెక్టివ్‌కి ఇంత ఒళ్ళుమంట. ఒక మనిషి ప్రాణం గంటగంటకీ జారిపోతుంటే, ఈ పెద్దాయన జనాభా పెరుగుదల దగ్గర కూర్చుని కదలడు!

"సరే. తిన్నగా అడుగుతాను, తిన్నగా చెప్పండి. నిన్న జోస్యం ఆఫీసు నుంచి ఎందుకు బయటికెళ్ళాడు?"

"సైటు చూసి వస్తానన్నాడు."

"ఏ సైటు?"

"మాకు జిల్లా అంతా సైటేనండీ."

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఇంకో జవాబు ఇలాంటిదే వస్తే ఏం చేసి ఉండేదో, అంతలో తలుపు తెరుచుకుంది.

వచ్చినవాడు ఈ ఊరి ఇన్‌స్పెక్టరు. వెనకాల ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఆవిణ్ణి చూడగానే అతని ముఖం మాడిపోయింది. నలుగురి ముందూ 'మేడమ్' అంటాడు గానీ, ఇన్‌స్పెక్టరు ఆవిడకి స్వయానా మరిది. ఆవిడ కాపురానికి వచ్చిననాటికి నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. అన్నం కలిపి పెట్టింది, లెక్కలు చెప్పింది, పోలీసు పరీక్షకి దగ్గర కూర్చుని చదివించింది. ఆ పరీక్ష పాసైనప్పటి నుంచీ వదిన మాట వినడం మానేశాడు.

"మేడమ్, మీరిక్కడ..."

"పని మీద వచ్చాను. నువ్వూ పని మీదే వచ్చావనుకుంటాను."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుళ్ళని బయటికి పొమ్మని సైగ చేశాడు. తలుపు మూయగానే గొంతు మారింది.

"వదినా, ఏంటిది? ఆ బస్సావిడ స్టేషన్‌కి రావాలిగానీ మీ దగ్గరికి రావడమేంటి?"

"రాత్రి నీ స్టేషన్‌కే వచ్చింది. నువ్వేమన్నావు? 'మీ ఆయన ఎవర్నో తగులుకుని పోయుంటాడు, రెండ్రోజుల్లో వచ్చేస్తాడు' అన్నావు. అన్నావా లేదా?"

"అలా అన్లేదు."

"మరెలా అన్నావు?"

 ఇన్‌స్పెక్టరు చెప్పాల్సింది గుర్తొచ్చినట్టు ఛాతీ విరుచుకున్నాడు.

"చూడండి. ఆయన భార్యకి చేసిన చివరి ఫోను మీకూ తెలుసు. 'ఫ్లైఓవర్ కింద ఉన్నాను. ఇక్కడ ఒకాయనతో చిన్న పేచీ. తేల్చుకుని వచ్చేస్తా, నువ్వు తినెయ్యి.' అంతే, తర్వాత ఫోను ఆగిపోయింది. టవరు చూస్తే ఊరికి పడమటి వైపు. మన ఫ్లైఓవర్ ఉన్నదీ ఆ వైపే. రాత్రంతా దాని కింద అంగుళం వదలకుండా వెతికించాను. నాలుగు దిక్కులా కెమెరాలున్నాయి. నేనే కూర్చుని చూశాను. ఆ మనిషి అసలటు రానేలేదు. అంటే ఏంటి? పెళ్ళానికి అబద్ధం చెప్పాడు. కొత్త రోడ్డు ఎటు పోతుందో ముందే ఎవరికో చేరవేసి ఉంటాడు. ఇవాళ ఆ రోడ్డు ఖాయం చెయ్యడానికొచ్చే కమిటీ ముందు బయటపడుతుందని జారుకున్నాడు."

"చేరవేశాడని నీకెవరు చెప్పారు?"

"చెప్పడమెందుకు, అలాంటివి జరుగుతూనే ఉంటాయి."

"సాక్ష్యం?"

"పారిపోవడమే సాక్ష్యం."

"పారిపోయాడనడానికి సాక్ష్యం చేరవెయ్యడం, చేరవేశాడనడానికి సాక్ష్యం పారిపోవడం. అబ్బబ్బ, ఏం తెలివిరా నాయనా! నీకా పరీక్ష చదివించినందుకు నన్ను నేను తిట్టుకోవాలి."

ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "వదినా, మర్యాదగా చెబుతున్నాను. ఈ కేసు వదిలెయ్యండి. ఇంటికెళ్ళండి. అన్నయ్య ఒక్కడే ఉంటాడు పాపం."

"మీ అన్నయ్యకేం, నిక్షేపంగా ఉన్నాడు. రిటైరైనప్పటి నుంచీ వాకింగు పేరుతో ఊరంతా తిరిగొస్తున్నాడు. నా గోల నాకు వదిలెయ్యి."

వీళ్ళిద్దరి వాదం మధ్య పెద్ద ప్లానర్ మెల్లగా సంచీ సర్దుకున్నాడు. "నేను బయల్దేరతానండీ. మూడింటికి కమిటీతో సైటుకి వెళ్ళాలి, ఆలోగా ఇంటికెళ్ళి రెండు మెతుకులు తినొస్తాను. ఇంకేమైనా అడగాలంటే సాయంత్రం మా ఇంటికే రండి. తేలిగ్గానే దొరుకుతుంది. మెట్రో స్టేషన్ పక్క సందు, మూడో ఇల్లు."

"సరే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ మాత్రం సరే అనలేదు. ఆయన వైపు తిరిగి రెప్ప వేయకుండా చూసింది.

"ఏ స్టేషన్ అన్నారు?"

"మెట్రో స్టేషనండీ."

"ఈ ఊళ్ళో మెట్రో ఎక్కడుంది?"

పెద్ద ప్లానర్ ఒక్క క్షణం అయోమయంగా చూసి, సిగ్గుగా నవ్వాడు. "ఓ, అదా! ఇంకా రాలేదు లెండి. మూడో దశలో వస్తుంది. రోజూ పటంలో చూసి చూసి మాకదే అలవాటైపోయింది. మా ఆఫీసులో అందరం అంతే. మొన్న పటాలు గీసే మా డ్రాఫ్ట్స్‌మన్ చుట్టాలకి పెళ్ళింటి దారి చెబుతూ 'కొత్త వంతెన దాటి ఎడమకి తిరగండి' అన్నాడట. వాళ్ళు పాపం ఏటి గట్టున గంటసేపు నిలబడ్డారు."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. డిటెక్టివ్ ఆయన మోచెయ్యి పట్టుకుని గోడకున్న పటం దగ్గరికి లాక్కెళ్ళింది. గోడ ఈ చివర నుంచి ఆ చివర వరకూ జిల్లా. నల్ల గీతలు, ఎర్ర గీతలు, చుక్కల గీతలు.

"ఇందులో ఫ్లైఓవర్లు ఎన్ని?"

"నాలుగండీ."

"కట్టినవి?"

"ఒకటి."

"తక్కిన మూడింట్లో పడమటి వైపున్నది?"

పెద్ద ప్లానర్ చెయ్యి ఒక చుక్కల గీత మీదికి వెళ్ళింది. రైలు గేటు దాటాక, ఊరి పొలిమేర అవతల. "ఇదండీ. ఇవాళ కమిటీ చూడబోయేది దీన్నే. జోస్యం లెక్కల వల్లే దీన్ని ముందు కట్టాలని తేలింది. ఆయన దీన్ని వట్టి 'ఫ్లైఓవర్' అంటాడు. ఆయన దృష్టిలో వేరేది లేదు."

"ఆ కట్టినదాన్ని?"

"దాన్ని 'పాతది' అంటాడు."

 తలుపు దగ్గర నుంచి సన్నగా ఒక శబ్దం వచ్చింది. బస్సావిడ ఎప్పుడు లేచి వచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంట్లో ఆ లేని రోడ్ల గోల ఎత్తొద్దని నేనే తిట్టాను మేడమ్," అంది. "పెళ్ళైన కొత్తలో ఒకసారి నన్ను సినిమాకి రమ్మని ఇలాగే ఏదో లేని సర్కిల్ పేరు చెప్పాడు. తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయి. 'ఇంకోసారి నాతో అలా మాట్లాడితే ఊరుకోను, రోజంతా బస్సు నడిపేదాన్ని, నాకు ఉన్న రోడ్లు చాలు' అన్నాను. అప్పట్నుంచి జాగ్రత్తగానే మాట్లాడేవాడు. నిన్న ఏ కంగారులో ఉన్నాడో నోరు జారింది. నేనేమో ఫ్లైఓవర్ అనగానే రోజూ నా బస్సు ఎక్కే ఫ్లైఓవరే అనుకున్నాను. పోలీసులకీ అదే చెప్పాను. నా నోటితో నేనే..."

"తర్వాత ఏడుద్దువుగాని. పద," అంది డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు అడ్డం నిలబడ్డాడు. "వదినా, అక్కడేం లేదు. ముళ్ళ కంపలూ రాళ్ళూ తప్ప. నేను మనుషుల్ని పంపించి చూపిస్తాను."

"ఎప్పుడు? మూడో దశలోనా?"

"మీకెందుకంత పట్టుదల?"

"నీకెందుకంత అడ్డం?"

అతను చూపు తిప్పేసుకున్నాడు. డిటెక్టివ్ అప్పుడది మామూలు పౌరుషమే అనుకుంది. అలా అనుకున్నందుకు తర్వాత చాలాకాలం బాధపడింది.

*

రైలు గేటు దాటాక నిజంగానే ఏమీ లేదు. బీడు నేల, గుట్టలుగా రాళ్ళు, మోకాలెత్తు కంప. దాని మధ్య నుంచి వరసగా చెక్క మేకులు పాతి ఉన్నాయి. ఒక్కోటి నడుమెత్తు. నెత్తికి ఎర్ర రంగు. రోడ్డు సరిగ్గా ఎక్కడి నుంచి వెళ్తుందో గుర్తుకోసం కొట్టిన మేకులవి.

"కమిటీ వాళ్ళు పటం చూడరండీ, వాళ్ళకి అర్థం కాదు," అన్నాడు జీపులో వెంట వచ్చిన పెద్ద ప్లానర్. "ఈ మేకుల వెంబడి ఒకసారి నడిచి, బాగుందని సంతకం పెట్టేస్తారు. ఇవాళ సంతకం పడితే ఇంక గీత కదలదు. ఎవరి నేల పోవాలో, ఎవరిది నిలవాలో ఖాయమైపోతుంది."

కానిస్టేబుళ్ళని జీపు దగ్గర ఉంచి నలుగురూ మేకుల వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచారు. బస్సావిడ ప్రతి కంప చాటునా వంగి చూసింది. పేరు పెట్టి పిలిచింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. జవాబు లేదు. పెనుగులాట గుర్తులు లేవు, చెప్పు ముక్క లేదు, ఏమీ లేదు.

"చూశారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో తేలిక. "ఇంక వెళ్దామా?"

డిటెక్టివ్‌కి ఏడుపొక్కటే తక్కువ. దారి దొరికిందనుకుని ఉరుకులు పరుగుల మీద వస్తే చివరికి ఇదీ! విసుగ్గా ఒక మేకు పక్కన రాయి మీద కూలబడింది. చెమట తుడుచుకుంటూ ఎదురుగా ఉన్న ఎర్ర రంగుని చూసింది. ఒక పక్క రంగు బాగా వెలిసిపోయి గులాబీలోకి దిగింది. రెండో పక్క నిగనిగలాడుతోంది.

సహజమే. ఎండ పడే పక్క వెలుస్తుంది.

ఆవిడ తల తిప్పి తర్వాతి మేకుని చూసింది. లేచి దాని దగ్గరికి వెళ్ళింది. దానికి వెలిసిన పక్క రైలు గేటు వైపుంది. ఆ తర్వాతి దానికి ఊరి వైపు. నాలుగోదానికి పొలాల వైపు. ఆవిడ నడక పరుగైంది.

"ఏమండీ! ఈ మేకులు ఎప్పుడు కొట్టారు?"

"వేసవికి ముందండీ. నాలుగైదు నెలలైంది."

"అప్పట్నుంచి వీటి జోలికి ఎవరైనా వచ్చారా?"

"లేదండీ, ఎవరొస్తారు?"

"అయితే ఎండ ఒక్కో మేకుని ఒక్కో దిక్కు నుంచి కొడుతుందా ఇక్కడ?"

పెద్ద ప్లానర్ నోరు తెరిచాడు. అద్దాలు సర్దుకుని మేకు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. డిటెక్టివ్ మేకుని పట్టుకుని ఒక్క ఊపు ఊపింది. పాలపన్నులా కదిలింది. నాలుగైదు నెలలుగా నేలలో ఉన్న మేకు అలా కదలదు.

"పీకి మళ్ళీ పాతారు. కమిటీ వచ్చేలోగా పని అయిపోవాలని కంగారులో ఏ ముఖం ఎటు పెడుతున్నారో చూసుకోలేదు. రోడ్డుని జరిపేశారు సార్! మీరు పాతికేళ్ళకి సరిపడా గీసిన గీతని ఎవడో ఒక్కపూటలో పక్కకి నెట్టేశాడు. జోస్యం నిన్న ఇది చూశాడు. పేచీ అందుకే వచ్చింది. అసలు గీత ఎక్కడుండాలి?"

పెద్ద ప్లానర్ మొదటిసారి అద్దాల సంగతి మర్చిపోయాడు. రైలు గేటు వైపు, దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు వైపు చూసుకుని, వేళ్ళతో గాల్లో ఏదో కొలుచుకుని, ఎడమ వైపు చూపించాడు. "అటండీ. ఆ గుట్ట పక్క నుంచి."

నిజమే. కంపలో వంద అడుగుల అవతల, పీకిన మేకుల గుంటలు దొరికాయి. మట్టి పోసి, కాళ్ళతో తొక్కి సర్దారు. వరస తప్పకుండా ఉన్నాయి.

"ఈ గీత మీద ఇంకేమున్నాయి?" అంది డిటెక్టివ్. "బావి, షెడ్డు, గుడిసె, ఏదైనా సరే చెప్పండి."

"ఏం లేవండీ. స్తంభాలు వచ్చేచోట మట్టి పరీక్షకి తవ్విన గోతులు తప్ప."

డిటెక్టివ్ కాళ్ళు ఆగిపోయాయి.

"గోతులా? ఎంత లోతు?"

"రెండు నిలువులుంటాయి. ఎవరూ పడకుండా రేకులు కప్పించాం."

"ఇంతసేపూ ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ."

ఆయన్ని అక్కడికక్కడే ఒక గోతిలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది ఆవిడకి. కానీ దానికి కూడా వ్యవధి లేదు. బస్సావిడ అప్పటికే పరుగెడుతోంది. మొదటి గొయ్యి మీద రేకు గాలికి సగం లేచి ఉంది. లోపల ఖాళీ. రెండోదీ ఖాళీయే.

మూడో గొయ్యి మీద రేకు కదలకుండా ఉంది. దాని మీద బండరాళ్ళు పేర్చి ఉన్నాయి.

రాళ్ళు దొర్లించడానికి నలుగురూ చేతులు వేశారు. రేకు లాగేసరికి లోపలి నుంచి వేడి, ఉక్క, వాంతి వాసన గుప్పుమన్నాయి. అడుగున ఒక మనిషి గోడకి చేరగిలబడి ఉన్నాడు. ఒక కాలు ఉండాల్సిన తీరులో లేదు. కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఏమండీ!" అని కేక వేసింది బస్సావిడ.

ఆయన పెదవులు కదిలాయి.

కానిస్టేబుళ్ళు జీపులో తాడు తెచ్చేలోపే ఆమె మట్టి పట్టుకుని జారుకుంటూ లోపలికి దిగిపోయింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని గుక్కెడు గుక్కెడు నీళ్ళు పోసింది. పైనుంచి డిటెక్టివ్ అంబులెన్సుకి ఫోను చేసి, రైలు గేటు నుంచి ఎలా రావాలో ఉన్న గుర్తులతో మాత్రమే చెప్పింది. అంబులెన్సు వచ్చింది. నర్సు గోతిలోకి దిగి, ఆయన వేలికి సూది గుచ్చి చూసి, "హబ్బో!" అని, డబ్బా అందుకుని వెంటనే పని మొదలుపెట్టింది. స్ట్రెచర్‌కి కట్టి పైకి లాగేసరికి జోస్యం కళ్ళు తెరిచాడు.

"బతుకుతాడా?" అడిగింది డిటెక్టివ్.

"ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడు ఫర్వాలేదు," అంది నర్సు.

బస్సావిడ అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆ మాటతో ఒక్కసారి బయటపడింది. భర్త చెయ్యి వదలకుండా, ఇంకో చేత్తో డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని ఏడ్చింది.  అయినా అడగాల్సింది అడగాలి.

"ఎవరు తోశారు నిన్ను?"

"తొయ్యలేదండీ," అన్నాడు జోస్యం. మాట పేలవంగా వచ్చింది. "మేకులు మార్చడం చూసి అడిగాను. ఆయనే పాతిస్తున్నాడు, ఇద్దరు కూలీల్ని పెట్టుకుని. 'కమిటీకి చెప్పేస్తా'నన్నాను. కూలీల్ని పంపించేశాడు. వెయ్యీ రెండువేలూ కాదు, ఎంతైనా ఇస్తానన్నాడు. నేను కాదంటూ వెనక్కి నడిచాను. రేకు పక్కకుంది, చూసుకోలేదు. పడిపోయాను. ఫోను పగిలిపోయింది."

"ఆయన?"

"పైనుంచి చూశాడు. చెయ్యందించమన్నాను. కాసేపు ఆలోచించాడు. 'ఒక్కరోజు ఓర్చుకో బాబూ. రేపు కమిటీ సంతకం పెట్టేసి వెళ్ళాక నేనే వచ్చి తీస్తా' అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడండీ. నాకు షుగరుంది, సూది పడకపోతే చచ్చిపోతానని అరిచాను. 'నాకూ ఉందయ్యా, ఒక్కరోజుకి ఏం కాదు' అన్నాడు. రేకు కప్పి రాళ్ళు పెట్టాడు."

"మనిషెలా ఉంటాడు? పేరేమైనా చెప్పాడా?"

"పెద్దవయసు. పేరు చెప్పలేదు. పోలీసులకి చెబుతానంటే నవ్వాడు. 'చెప్పుకో. ఈ ఊరి ఇన్‌స్పెక్టరు నా తమ్ముడే' అన్నాడు."

బస్సావిడ ఏడుపు ఆగిపోయింది. ఆమె మెల్లగా తల తిప్పి ఇన్‌స్పెక్టరుని చూసింది. కానిస్టేబుళ్ళు చూశారు. పెద్ద ప్లానర్ కూడా చూశాడు.

డిటెక్టివ్ మాత్రం చాలాసేపు నేలనే చూస్తూ నిలబడింది. స్ట్రెచర్ అంబులెన్సులోకి ఎక్కింది. తలుపులు పడ్డాయి. బండి కదిలి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడు తలెత్తింది.

"నీకెంతమంది అన్నలు?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒక్కడే వదినా."

"నీకు ముందే తెలుసు."

"మేకుల సంగతి తెలుసు. రాత్రి ఫోను చేసి చెప్పాడు. నేలంతా రోడ్డులో పోతోంది, కాస్త జరిపించాను, నువ్వు అటువైపు ఎవర్నీ రానీకు అన్నాడు. మనిషి సంగతి చెప్పలేదు. ఒట్టు వదినా, మీ మీద ఒట్టు! జోస్యం నిజంగానే పారిపోయాడనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"ఏ నేల? మాకు నేలెక్కడిది?"

"ఇదే."

ఆవిడ కాళ్ళ కింద చూసుకుంది. ఎర్రమట్టి, కంప, రాళ్ళు.

"రిటైరైన డబ్బంతా ఇందులోనే పోశాడు. మీకు చెప్పొద్దన్నాడు. ఇల్లు కట్టాక తీసుకొచ్చి చూపిస్తాడట. మీకు పెరట్లో మొక్కలంటే ఇష్టం కదా అన్నాడు."

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఒళ్ళంతా మంటెత్తింది. ముప్పై ఏళ్ళ కాపురం. ఊళ్ళో ఎవడు ఏ అబద్ధమాడినా ముఖం చూసి చెప్పేసే మనిషి, ఈ పొద్దున భర్తని ఎదురుగా కూర్చోబెట్టి ఇడ్డెన్ల ముందు షుగరు మాత్ర చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి వచ్చింది. ఆ మనిషి మాత్ర వేసుకున్నాడు. పేపరు తిరగేశాడు. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంటుందట, గొడుగు తీసుకెళ్ళు" అన్నాడు. రేకు కింద ఒకడు ఎండిపోతున్నాడని తెలిసి అన్నాడు.

"వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "అతను బతికాడు కదా. తొయ్యలేదని అతనే అన్నాడు. ఏదో ఒక దారి..."

"ఇంకొక్క మాట మాట్లాడావంటే నిన్నూ కలిపి రాయిస్తాను. టోపీ పెట్టుకో."

అతను పెట్టుకున్నాడు. 

దూరంగా రైలు గేటు దగ్గర కార్లు ఆగాయి. కమిటీ వాళ్ళు కాబోలు. తెల్ల చొక్కాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. పెద్ద ప్లానర్ ఎటు పోవాలో తెలియక మేకుల వైపు నాలుగడుగులు, గుంటల వైపు నాలుగడుగులు వేస్తున్నాడు.

డిటెక్టివ్ ఫోను తీసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"ఇంట్లోనే ఉన్నారా?" అంది.

"ఉన్నా. ఏం, ఇవాళ తొందరగా వస్తున్నావా? సాయంత్రం నాకు చిన్న పనుంది, బయటికెళ్ళాలి."

"ఆ పని మేం చేసేశాం. మీరు వెళ్ళక్కర్లేదు."

అవతల ఊపిరి ఆగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. 

"బతికే ఉన్నాడా?" అన్నాడు చివరికి.

"ఉన్నాడు."

"హమ్మయ్య," అన్నాడు. అది నిజమైన హమ్మయ్యే. ఆవిడకి అదే భరించలేనంత కష్టమైంది. "నువ్వొచ్చాక అంతా చెబుతానే. కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వొక్కదానివే వస్తున్నావా?"

డిటెక్టివ్ మరిది వైపు చూసింది. అతను కళ్ళు తుడుచుకుని, జీపు తలుపు తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేదండీ," అంది. "ఇన్‌స్పెక్టరు గారితో వస్తున్నాను. చొక్కా మార్చుకుని సిద్ధంగా ఉండండి."

ఫోను పెట్టేసి జీపు ఎక్కింది.